28 అడుగుల తెప్ప: కాగితంలో 8.53 మీటర్లు, ఇసుక మీద 8.43. వేట నిషేధం మాకుందా, లేదా?

బాహుదా ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లా, సోనాపూర్ దగ్గర, బాహుదా సముద్రంలో కలిసే చోటుకి కాస్త ఇవతల. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ఊరి బయట మా పేరు 'నోలియా', తెలుగు జాలరులని ఇక్కడ అలా అంటారు. నేను బరంపురంలో మొబైల్ రిపేరు షాపులో చేస్తాను. వేటకెళ్ళేది నాన్న, చిన్నాన్న, ఇంకో ఇద్దరు. కాగితాల పని మాత్రం నా నెత్తిన పడింది, ఒడియాలో దరఖాస్తు తప్పుల్లేకుండా రాసేది ఇంట్లో నేనొక్కడినే కాబట్టి.

మాది ఫైబర్ తెప్ప, 9.9 హెచ్‌పీ ఇంజను. కొన్నప్పుడు కట్టినవాడు బిల్లు మీద '28 అడుగులు' అని రాసిచ్చాడు. రిజిస్ట్రేషన్ అప్పుడు ఒడ్డుకొచ్చి కొలిచినవాళ్ళు లేరు. బిల్లు చూశారు, కాలిక్యులేటర్ నొక్కారు, 8.53 మీటర్లని ఎక్కించారు. ఒడిశాలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్ కదా, అందులో మోటారు లేని తెప్పలకీ, 8.5 మీటర్ల లోపు మోటారు తెప్పలకీ మినహాయింపు ఉంది. మాకు మూడు సెంటీమీటర్లు ఎక్కువైంది. రెండు వేళ్ళు పక్కపక్కన పెడితే అంత.

నిరుడు మే నెలలో గస్తీవాళ్ళు ఆపి కాగితం చూశారు. ఎవరని ఇక్కడ రాయను. తెప్ప వదిలేశారు, కానాగంత చేపల వల పట్టుకుపోయారు. 11 రోజుల తర్వాత వల తిరిగొచ్చేసరికి రెండు చోట్ల ఎలుకలు కొట్టేసి ఉన్నాయి. అమ్మా చిన్నమ్మా నాలుగు రోజులు అరుగు మీద కూర్చుని అల్లారు. నాన్న ఒక్క మాటా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

మొన్న ఆదివారం నేనే కొలిచాను. గుడ్డ టేపు సాగుతుందని షాపు పక్క హార్డ్‌వేర్ కొట్లో స్టీల్ టేపు కొన్నాను. తెప్ప ముక్కు పైకి లేచి ఉంటుంది కాబట్టి టేపుని అంచు వెంబడి వంచి పట్టుకుంటే లెక్క ఎక్కువొస్తుంది. అందుకని వలకి కట్టే సీసం గుండు ఒకటి దారానికి కట్టి ముక్కు చివర నుంచి కిందికి వదిలాం. ఇసుకలో అది తాకిన చోట పుల్ల గుచ్చాం. వెనక చివరా అలాగే. రెండు పుల్లల మధ్య 27 అడుగుల 8 అంగుళాలు. మూడు సార్లు కొలిచాం, మూడో సారి చిన్నాన్న నా చేతిలోంచి టేపు లాక్కుని తనే కొలిచాడు. అంతే వచ్చింది. అంటే 8.43.

అడగాలనుకున్నవి ఇవి. ఈ 8.53ని దిద్దించాలంటే ఏం చెయ్యాలి? ఏప్రిల్ 15కి ఇంకా మూడు వారాలే ఉంది. రెండోది, ఆంధ్రా వైపు డొంకూరులో ఉన్న మా మావయ్య 'ఆంధ్రాలో రిజిస్ట్రేషన్ చేయించెయ్యండి, నిషేధం రోజులకి డబ్బులిస్తారు' అంటున్నాడు. అలా కుదురుతుందా? మూడోది, ఈ తాబేళ్ల నిషేధం అన్నది వేరా, దీనిలో భాగమా? ఊళ్ళో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట.

డొంకూరు చిన్నోడు:

తమ్ముడూ, మీ మావయ్య చెప్పింది సగం నిజం. మాకు 2025లో 20 వేలు పడ్డాయి, అంతకుముందు 10 వేలుండేది. కానీ మాకాడ ఏటంటే, మోటారు తగిలించినోడికి ఎవుడికైనా బంద్ బందే. ఎనిమిది మీటర్లా తొమ్మిది మీటర్లా అని ఎవుడూ సూడడు. 61 రోజులూ తెప్ప ఒడ్డునే పడుంటది, దాని మీద పిల్లలు ఆడుకుంటారు. నువ్వు ఇరవై వేల కోసం ఇటొస్తే, అక్కడ దొరికే రెండు నెలల వేట పోద్ది. లెక్కేసుకో.

ఇంకోటి. ఇక్కడ రేషన్ కార్డు లేదు, ఇల్లు లేదు, ఓటు లేదు. నీకు ఎవుడిస్తాడు?

పాతకాగితం:

బాబూ, నేను సముద్రపు చేపల రేవుల్లో లెక్కలు రాసే పనిలో చాలా ఏళ్ళు తిరిగాను, ఇప్పుడు బరంపురంలో ఊరికే కూర్చుని ఉన్నాను. నీ పోస్టు చదివి సీసం గుండు దగ్గర ఆగిపోయాను. మంచి పని చేశావు. కొలవాల్సిన పద్ధతి అదే. వెనక ఇంజను తగిలించే బ్రాకెట్టు, దెబ్బ తగలకుండా కట్టిన టైరు, ఇవి కలపకూడదు. తెప్ప శరీరం ఎంతో అంతే పొడవు. మీరు బ్రాకెట్టు కలిపి కొలిచారా, కలపకుండానా? అది ముందు తేల్చుకో.

28 అడుగులని బిల్లులో ఎందుకు రాశారో నేను చెప్పగలను. ఫైబర్ తెప్పని అచ్చులో పోస్తారు. అచ్చు పేరే '28 అచ్చు'. తీశాక చుట్టూ అంచు కోసి నున్న చేస్తారు, అక్కడ మూడు నాలుగు అంగుళాలు పోతాయి. కట్టేవాడికి అది 28 తెప్పే, అబద్ధం చెప్పాలని కాదు. లుంగీ నాలుగు మూరలని అమ్మినట్టే. ఆఫీసు బల్ల మీదికి వచ్చేసరికి ఆ వాడుక పేరు కొలత అయిపోయింది.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న ముందు చెబుతాను, ఎందుకంటే మీ ఊళ్ళో తగాదా అంతా అక్కడే. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా, అంటే సుమారు 22 కిలోమీటర్లు, చేపల వేట వ్యవహారం రాష్ట్రానిది. దానవతల 200 మైళ్ళ దాకా కేంద్రానిది. ఒడిశాలో రాష్ట్రం వాటాకి 1982 నాటి సముద్ర చేపల వేట చట్టం, దాని కింద 1983లో రాసిన నియమాలు ఉన్నాయి. ఆ నియమాల్లో ఒడ్డు నుంచి 5 కిలోమీటర్ల లోపలి నీళ్ళు సంప్రదాయ తెప్పలకి వదిలేశారు. మరబోట్లు దాని బయట, 15 మీటర్లకి మించినవి 10 కిలోమీటర్ల బయట. మీ నాన్నగారిని అడుగు, ఆ 5 కిలోమీటర్లలో రాత్రిపూట ఎన్ని ట్రాలర్ల (అడుగున వల లాగే మరబోట్ల) దీపాలు చూశారో. ఆయన చెప్పేది వింటే నీకు చట్టం కంటే ఎక్కువ తెలుస్తుంది.

61 రోజులది తూర్పు తీరం మొత్తానికి. చేపలు గుడ్లు పెట్టే కాలమని. 2015కి ముందు అది 47 రోజులే, మే 31తో అయిపోయేది. తాబేళ్లది పూర్తిగా వేరు, అవి గుడ్లు పెట్టడానికి వచ్చే కాలమని. నవంబర్ 1 నుంచి మే 31 దాకా, ధామ్రా, దేవి, రుషికుల్య నదుల ముఖద్వారాల దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల దాకా. మీ ఊరు రుషికుల్యకి బాగా దక్షిణాన ఉంది, మీ ముందర వేసుకుంటే దాని గొడవ లేదు. కానీ కానాగంతల గుంపు వెంట పడి గోపాలపూర్ లైట్‌హౌస్ దాటి ఉత్తరానికి పోయారంటే చేతిలో ఉన్న 8.43 కాగితం మిమ్మల్ని కాపాడదు. అది 61 రోజుల నిషేధానికి మినహాయింపు, తాబేళ్ల నిషేధానికి కాదు. అక్కడ ఫారెస్టు వాళ్ళు కూడా వస్తారు, వాళ్ళకి చేపల శాఖ నంబరుతో పని లేదు.

రుషికుల్య పక్క మినహాయింపు లేని మోటారు పడవ వాడి సంగతి ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టు. నవంబర్ 1న మొదలైన నిషేధం మే 31న అయిపోదు, 61 రోజులది దానికి తోకలా అంటుకుని ఉంటుంది. మొత్తం 226 రోజులు. మిగిలిన 139 రోజులూ ఎప్పుడొస్తాయి? జూన్ 15 నుంచి అక్టోబర్ 31 దాకా. అంతా వానాకాలం. ఫైలిన్ తుఫాను వచ్చింది 2013 అక్టోబర్ 12న కదా, తిత్లీ కూడా 2018 అక్టోబర్‌లోనే. నిషేధం ఎత్తేసిన రోజుల్లో సముద్రమే నిషేధం పెడుతుంది.

దిద్దుబాటు సంగతికొస్తే, నోటి మాట ఒద్దు. ఒడియాలో ఒక దరఖాస్తు రాయి. తెప్ప నంబరు, రిజిస్ట్రేషన్ తేదీ, కాగితంలో ఉన్న పొడవు, మీరు కొలిచిన పొడవు రాసి, 'అధికారి స్వయంగా వచ్చి కొలవాలని' అడుగు. దిద్దండి అని అడగకు, కొలవండి అని అడుగు. దిద్దడానికి భయపడతారు, కొలవమంటే కాదనలేరు. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర వేయించుకో. ఇప్పుడు రిజిస్ట్రేషన్లన్నీ రియల్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లోకి వెళ్ళాయి కాబట్టి పుస్తకంలో దిద్ది ఊరుకుంటే కుదరదు, పోర్టల్‌లో కూడా మారాలి. గస్తీవాడు ఫోన్‌లో పోర్టలే చూస్తాడు.

రుషికుల్య టీచరమ్మ:

పాతకాగితం గారూ, మీరు చెప్పిన 226 రోజుల లెక్క సరైనదే. కానీ అది విని మా ఊళ్ళో పిల్లలు కూడా తాబేళ్లని తిట్టడం మొదలుపెట్టారు, అందుకే రాస్తున్నాను. మాది ముఖద్వారానికి దగ్గర ఊరు. ఫిబ్రవరిలో రాత్రి ఒడ్డుకెళ్తే అడుగు పెట్టడానికి చోటుండదు. ఒక్కొక్కటి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, దాని మీద శరీరాన్ని అటూ ఇటూ ఊపి గట్టిపరిచి వెళ్తుంది. ఆ ఊపుడు శబ్దం వింటుంటే ఎవరో పక్క వాకిట్లో ధాన్యం తొక్కుతున్నట్టు ఉంటుంది. 2023లో 6 లక్షల పైన వచ్చాయి. 2024లో గుంపుగా రానే లేదు. 2025లో మళ్ళీ 6 లక్షల పైన. ఎందుకు రాలేదు, ఎందుకు వచ్చాయి అని పిల్లలు అడుగుతారు. సముద్రాన్ని అడగండి అంటాను.

తాబేలు నీళ్ళలో ఊపిరి తీసుకోలేదు, పైకి రావాలి. ట్రాల్ వల గంటల తరబడి అడుగున లాగుతారు, దాంట్లో పడ్డ తాబేలు చచ్చిపోతుంది. మాకు ఒడ్డుకి కొట్టుకొచ్చేవి అవే. బయటపడే కిటికీ, ఏటవాలు ఇనుప చట్రం ఉన్న వలలున్నాయి, టెడ్ అంటారు. కట్టుకుంటే కొంత పట్టు పోతుందని బోటు వాళ్ళ భయం. సరిగ్గా అది కట్టించలేదనే అమెరికా మన దేశం నుంచి సముద్రపు రొయ్యలు కొనడం ఆపింది. చిన్న తెప్ప వాళ్ళు ఈ మాట మీద కోపం తెచ్చుకోకండి, నేను ట్రాలర్ల గురించి అంటున్నాను.

డొంకూరు చిన్నోడు:

టీచరమ్మా, ట్రాలర్లని ఆపండి అని మేమూ అంటన్నాం. 8 కిలోమీటర్ల లోపల మా ఏపీలో కూడా రాకూడదు ఆళ్ళు. వస్తారు. మా వల ముక్కలైతే ఎవుడికి సెప్పాలి? లైట్లేసి పట్టే వేట, రెండు బోట్లు కలిసి లాగే వేట కేంద్రం 2017లోనే బంద్ చేసింది గదా, ఇప్పటికీ రాత్రి తూరుపు వైపు సూస్తే ఊరు ఊరంతా దీపాలెట్టినట్టుంటది. తాబేలుకి లేని కోపం మాకెందుకు?

బాహుదా ఒడ్డు:

అందరికీ థాంక్స్. పాతకాగితం మావయ్యగారూ (అలా పిలవచ్చా? మా నాన్న మీ పోస్టు వినిపించుకుని 'ఈయన మనవాడే' అన్నాడు), బ్రాకెట్టు కలపలేదు. టైరు ఆ రోజు విప్పి పక్కన పెట్టాం.

డొంకూరు అన్నా, నువ్వు చెప్పింది మావయ్యకి వినిపించాను. 'అయితే నేనే అటొచ్చేస్తాను' అంటున్నాడు. సరదాకే.

ఒక అనుమానం. మేం వేటకెళ్తే గట్టు గుర్తు మహేంద్రగిరి శిఖరం. నాన్న దాన్నీ గోపాలపూర్ లైట్‌హౌస్‌నీ చూసి ఎక్కడున్నామో చెప్తాడు, ఫోన్ తీయడు. దక్షిణానికి కాస్త జరిగితే ఆంధ్రా నీళ్ళు. నిషేధం రోజుల్లో మా ఒడిశా తెప్ప 8.43 కాగితం పెట్టుకుని అటు జారితే?

పాతకాగితం:

మావయ్యా అనే పిలువు, పోయేదేముంది.

జారకండి. మీ మినహాయింపు ఒడిశా ఉత్తర్వు ఇచ్చింది, ఒడిశా నీళ్ళలోనే చెల్లుతుంది. ఆంధ్రాకి 1994 నాటి తన చట్టం ఉంది, తన ఉత్తర్వు ఉంది, అందులో మోటారు పడవలన్నీ ఆగాలి. ఒడిశా నంబరు పక్కన రాసుకున్న తెప్ప ఆంధ్రా నంబరు తెప్పల రేవు ముందర వేటాడుతుంటే, అధికారులు చూడకముందే డొంకూరు కుర్రాళ్ళే చూస్తారు. వాళ్ళు రెండు నెలలు ఒడ్డున కూర్చుని ఉంటారు కదా, కోపం ఊరికే ఉండదు.

2008 ముంబై దాడుల తర్వాతే ఈ నంబర్లూ, గుర్తింపు కార్డులూ ఇంత బిగిశాయి. అంతకుముందు తెప్ప మీద అమ్మవారి పేరు రాసుకుంటే చాలు. ఇప్పుడు ఆ నంబరు లేకపోతే ప్రమాదంలో మనిషి పోయినా బీమా 5 లక్షలు రావడం కష్టం. రెండు రాష్ట్రాల్లో రెండు నంబర్లు పెట్టుకుంటే ఇంకా కష్టం, ఏ నంబరూ మీది కాదంటారు. కాబట్టి మీ మావయ్య సరదా సరదాగానే ఉండనీ.

దరఖాస్తులో తెప్ప ఉండే చోటుకి గుర్తుగా మహేంద్రగిరి రాయొద్దు. జీపీఎస్ అంకెలు రాయి.

బాహుదా ఒడ్డు:

జరిగింది చెబుతాను. దరఖాస్తు ఇచ్చాను, ముద్ర వేయించుకున్నాను. కౌంటర్‌లో కూర్చున్నాయన ముందు 'మార్చలేం' అన్నాడు. 'మార్చమనడం లేదు సార్, కొలవమంటున్నాను' అన్నాను. కాసేపు నా మొహం చూసి ముద్ర కొట్టాడు. పాతకాగితం మావయ్యా, ఆ ఒక్క మాటకి మీకు కానాగంతల పులుసు బాకీ.

తొమ్మిదో రోజు ఒకాయన స్కూటర్ మీద వచ్చాడు, తన టేపు తెచ్చుకున్నాడు, గుడ్డది. ఒక చివర ముక్కు మీద పెట్టి అంచు వెంబడే లాగడం మొదలుపెట్టాడు. నాకు గుండె ఆగినంత పనైంది. నేను నోరు తెరిచే లోపు చిన్నాన్న వెళ్ళి సీసం గుండు దారం ఆయన చేతిలో పెట్టాడు, ఒక్క మాట మాట్లాడకుండా. ఆయన దారం వంక, చిన్నాన్న వంక చూసి నవ్వాడు. 'మా తాతది కూడా చిలికా సరస్సు దగ్గర పడవే' అన్నాడు ఒడియాలో. తర్వాత నా స్టీల్ టేపు అడిగి తీసుకున్నాడు. 8.44 వచ్చింది. మాకన్నా ఒక సెంటీమీటర్ ఎక్కువ, ఇసుక కాస్త జరిగి ఉంటుంది. కాగితం మీద 8.44 రాసి, నాన్న చేత వేలిముద్ర వేయించుకుని, నా చేత సాక్షి సంతకం పెట్టించుకున్నాడు.

పోర్టల్‌లో ఇంకా 8.53 కనిపిస్తోంది. రోజూ మధ్యాహ్నం షాపులో అన్నం తింటూ చూస్తున్నాను. ఏప్రిల్ 15 లోపు మారకపోతే ఆ కొలత కాగితం జిరాక్స్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెప్పలో ఉంచుతాం, వేటకి మాత్రం పోర్టల్ మారాకే. అది నాన్న నిర్ణయం. ఇంకోసారి అమ్మ చేత వల అల్లించనన్నాడు.

నిన్న రాత్రి అన్నాల దగ్గర ఇంకో మాట కూడా అన్నాడు. ఈ తెప్ప పాతబడి కొత్తది కట్టించుకునే రోజొస్తే ఇరవై ఏడు అచ్చులో పొయ్యమని చెప్పమన్నాడు. చిన్నాన్న 'ఇరవై ఏడైతే వల పెట్టుకోడానికి చోటేదీ' అన్నాడు. ఇంకా తేల్లేదు.